శ్రీకాకుళం, విజయనగరం వైపు వచ్చినప్పుడు కాసేపు చెట్ల కింద సేదతీరాలంటే ఎక్కడికెళ్తే బెటర్?

అరసవల్లిలో దర్శనం పొద్దున్నే అయిపోయింది, తిరుగు ట్రైన్ సాయంత్రానికి, మధ్యలో నాలుగైదు గంటలు ఖాళీ. లేదంటే విజయనగరంలో పెళ్లికొచ్చారు, రాత్రంతా నిద్ర లేదు, మైకులు, బ్యాండు, పలకరింపులు, తల దిమ్మెక్కిపోయి ఉంది, ఎక్కడైనా ఓ చెట్టు కింద రెండు గంటలు ప్రశాంతంగా కూర్చుంటే చాలనిపిస్తోంది. ఇలాంటప్పుడు చాలామంది ఫోన్ తీసి చుట్టుపక్కల చూడాల్సిన ప్లేసులు ఏమున్నాయా అని వెతికి, వచ్చిన లిస్టులోంచి ఐదు చోట్లు పట్టుకుని, ఆటో మాట్లాడుకుని, సాయంత్రానికి ఇంకా ఎక్కువ అలిసిపోయి స్టేషన్‌కి చేరుతున్నారు. రెస్ట్ కోసం వెళ్లేటప్పుడు ఒక్క చోటే పెట్టుకోండి, అది కూడా మీ అలసట ఎలాంటిదో చూసుకుని పెట్టుకోండి. నేను చెప్పదల్చుకున్నది ఇదే, మిగతాదంతా ఏ అలసటకి ఏ చోటు అనేదే.

ముందే ఒక విషయం. బెంగళూరు లాల్‌బాగ్ లాంటి పెద్ద బొటానికల్ గార్డెన్ మన రెండు జిల్లాల్లో లేదు. చెట్లు, చెరువులు, కొండలు, పక్షులు మాత్రం కావలసినన్ని ఉన్నాయి, కాకపోతే విడివిడిగా ఉన్నాయి, ఒకే గేటు లోపల అన్నీ దొరకవు. కచ్చితంగా గార్డెనే కావాలంటే వైజాగో అరకో వెళ్లాలి, విజయనగరంలో దిగినవాళ్లకి రెండూ ఒక్కరోజులో వెళ్లొచ్చేవే కాబట్టి వాటి గురించి కూడా చెప్తాను.

ఏ చోటైనా బావుందా లేదా అని నేను చూసేది నాలుగు విషయాలు. నీడ ఉందా, వీపు ఆనించి కూర్చునే చోటు ఉందా, దగ్గర్లో బాత్రూం ఉందా, మైకు ఉందా. గూగుల్లో స్టార్లు ఎన్ని ఉన్నా ఈ నాలుగూ తెలియవు. నీడ అంటే రేకుల షెడ్డు నీడ కాదండి, మధ్యాహ్నం పన్నెండింటికి రేకు కింద కూర్చుంటే పైనుంచి సెగ దిగుతుంది, చెట్టు కింద అలా ఉండదు, ఎందుకంటే ఆకులు ఎండని ఆపడమే కాకుండా లోపలున్న నీటిని ఆవిరిగా వదుల్తూ చుట్టూ గాలిని కూడా చల్లబరుస్తాయి. అందుకే మన ఊళ్లలో రచ్చబండలు రావిచెట్టు కిందా మర్రిచెట్టు కిందా కట్టారు. కొత్తగా వేసిన పార్కుల్లో లాన్ పచ్చగా, పూల కుండీలు వరసగా, ఫొటోకి బ్రహ్మాండంగా ఉంటాయి కానీ చెట్లు ఇంకా మన భుజాల ఎత్తే ఉంటాయి, అక్కడికి పొద్దున ఎనిమిది లోపో సాయంత్రం ఐదు దాటాకో తప్ప వెళ్లకండి. పాత చెట్లున్న పార్కు ఎంత చిన్నదైనా మధ్యాహ్నం పనికొస్తుంది.

ఇంకో విషయం, ఎంతసేపు ఉండాలి అని చాలామంది అడుగుతారు. ఇంగ్లండ్‌లో దాదాపు 20 వేల మంది వివరాలు తీసుకుని చేసిన ఒక స్టడీ 2019లో వచ్చింది, వారంలో కనీసం 120 నిమిషాలు పార్కుల్లోనో అడవుల్లోనో బీచ్‌లోనో గడిపినవాళ్లు ఒంట్లోనూ మనసులోనూ బావుందని చెప్పడం ఎక్కువగా కనిపించింది, ఆ రెండు గంటలూ ఒకేసారి గడిపినా ముక్కలు ముక్కలుగా గడిపినా తేడా లేదు. దీన్ని పట్టుకుని చెట్లు చూస్తే బీపీ తగ్గిపోతుందని మందులు ఆపేయకండి, ఆరోగ్యంగా ఉన్నవాళ్లే బయటికి ఎక్కువ వెళ్తారు అనేది కూడా అందులో కొంత ఉండొచ్చు. కానీ ప్రయాణంలో ఉన్న మనకి ఇది పనికొచ్చే విషయమే, పొద్దున అరగంట, సాయంత్రం అరగంట దొరికినా వృథా కాదు, దాని కోసం రోజంతా కారులో తిరగక్కర్లేదు.

ఇక రెండు మూడు గంటలే ఉన్నవాళ్ల సంగతి. శ్రీకాకుళం టౌన్లో ఉంటే శాంతినగర్ కాలనీ పార్కు, అక్కడే గాంధీ మందిరం కూడా ఉంది. లేదా నాగావళి ఒడ్డు. ఈ రెండిట్లో ఏది అంటే సీజన్‌ని బట్టి చెప్పాలి. వానలు పడ్డాక ఆగస్టు నుంచి డిసెంబరు దాకా నాగావళిలో నీళ్లుంటాయి, సాయంత్రం వంతెన దగ్గర గాలి బావుంటుంది, నది ఒడిశా కొండల్లో పుట్టి ఇక్కడికొచ్చి ఇంకొంచెం దూరంలో సముద్రంలో కలిసిపోతుంది కాబట్టి ఈ చివర్లో బాగా వెడల్పుగా, నెమ్మదిగా పారుతూ కనిపిస్తుంది. ఎండాకాలంలో మాత్రం ఇసుక, మధ్యలో సన్నటి పాయలు, నీడ ఉండదు, అప్పుడు పార్కే నయం. శ్రీకాకుళం రోడ్డు స్టేషన్ ఆమదాలవలసలో ఉంది, టౌన్ నుంచి పది పన్నెండు కిలోమీటర్లు, ఆటోకో బస్సుకో టైం పడుతుంది, కొత్తవాళ్లు ఇది మర్చిపోయి పార్కులో తీరిగ్గా కూర్చుని చివర్లో పరుగులు పెడతారు, వచ్చిన ప్రశాంతత అంతా ఆ పరుగులోనే పోతుంది. ట్రైన్‌కి గంటన్నర ముందే లేచేయండి.

విజయనగరంలో అయితే అయ్యకోనేరు గట్టు, పెద్దచెరువు వైపు, ఇంకా రామనారాయణం. పొద్దున ఐదున్నర ఆరుకి లేచే అలవాటున్నవాళ్లు అయ్యకోనేరు గట్టు మీద ఒక రౌండ్ నడవండి, వాకింగ్ చేసే పెద్దవాళ్లు, పూలు కోసుకునే వాళ్లు, టీ బండి, ఊరు నిద్ర లేవడం చూడొచ్చు. పెద్దచెరువు పైడితల్లి అమ్మవారు దొరికిన చెరువు, స్టేషన్ దగ్గర వనంగుడి, మూడు లాంతర్ల దగ్గర చదురుగుడి, ఈ రెండు గుళ్లూ చూసుకుని చెరువు వైపు వెళ్లే వాళ్లు ఉంటారు. ఒక జాగ్రత్త, చెరువుల దగ్గర సాయంత్రం ఆరు దాటితే దోమలు మామూలుగా ఉండవు, పిల్లలుంటే ఓడోమస్ రాసి తీసుకెళ్లండి.

రామనారాయణం వేరే రకం. కోరుకొండ రోడ్డులో ఉంటుంది, 2014లో తెరిచారు, దాదాపు 15 ఎకరాల్లో విల్లు ఆకారంలో కట్టారు, రామాయణం అంతా బొమ్మల్లో చూస్తూ నడవొచ్చు, సాయంత్రం లైట్లు వేస్తారు, పచ్చిక, పూలమొక్కలు శుభ్రంగా ఉంటాయి. ముసలివాళ్లకీ పిల్లలకీ ఇద్దరికీ నచ్చే చోటు ఇది, నాన్నమ్మ కథ చెప్తుంటే మనవడు బొమ్మ చూసి అడుగుతాడు. కానీ మీకు కావలసింది నిశ్శబ్దమైతే ఇది కాదు, పాటలు వస్తుంటాయి, జనం ఉంటారు, శనాదివారాలు ఇంకా ఎక్కువ. ఫ్యామిలీతో సాయంత్రం గడపాలంటే రామనారాయణం, ఒక్కరే తల తేలిక చేసుకోవాలంటే పొద్దున్నే చెరువు గట్టు. నాకైతే రెండోదే ఎక్కువ ఇష్టం.

సగం రోజు చేతిలో ఉంటే శ్రీకాకుళం వైపు మూడు మంచి ఆప్షన్లున్నాయి: శాలిహుండం, కళింగపట్నం, తేలినీలాపురం. మొదటి రెండూ ఒకే దారిలో, దగ్గర దగ్గర్లోనే. శాలిహుండం వంశధార ఒడ్డున చిన్న కొండ మీద బౌద్ధ స్థలం, మన గిడుగు రామమూర్తి గారు 1919లో గుర్తించారు. కొండ ఎక్కడానికి రాతి దారి ఉంది, మరీ ఎత్తు కాదు, మోకాళ్లు బావున్నవాళ్లు మెల్లగా ఎక్కేస్తారు. పైన ఇటుకల స్తూపాలు, చైత్యాల (బౌద్ధుల ప్రార్థన మందిరాల) పునాదులు, కింద వంశధార మలుపు, పొలాలు, తాటిచెట్లు. అక్కడ పెద్దగా చెయ్యడానికి ఏమీ ఉండదు, అదే దాని గొప్పతనం. పూర్వం భిక్షువులు ఇలాంటి చోట్లు ఊరికి మరీ దగ్గరగా కాకుండా మరీ దూరంగా కాకుండా ఎంచుకునేవారు, పొద్దున భిక్షకి ఊళ్లోకి వెళ్లిరావాలి, మిగతా టైం ధ్యానానికి నిశ్శబ్దం కావాలి, పైకెక్కి కూర్చుంటే ఆ లెక్క మనకీ అర్థమవుతుంది. అయితే పైన నీడ తక్కువ, రాయి కాల్తుంది, పొద్దున తొమ్మిది లోపు ఎక్కి దిగిపోవాలి, లేదా సాయంత్రం నాలుగు తర్వాత. మంచినీళ్లు మీరే పట్టుకెళ్లాలి. ఒంటరిగా వెళ్లే ఆడవాళ్లు జనం లేని టైంలో కొండెక్కొద్దని చెప్తాను, ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్తే హాయిగా ఉంటుంది.

కళింగపట్నం బీచ్, లైట్‌హౌస్, సరుగుడు చెట్లు. సరుగుడు తోపులో గాలి వీస్తే వచ్చే హోరు సముద్రం హోరుతో కలిసిపోయి ఏది ఏదో తెలియదు, కింద సూదుల్లాంటి ఎండుటాకులు పరుపులా పేరుకుపోయి ఉంటాయి, దుప్పటి వేసుకుని పడుకుంటే నిద్ర దానంతటదే వస్తుంది. వంశధార సముద్రంలో కలిసేది అక్కడే, అందుకే స్నానానికి దిగొద్దు, నది కలిసే చోట లోపల గుంజుడు ఎక్కువ, పైకి చూస్తే తెలియదు. మనసు బరువుగా ఉండి మాట్లాడాలని లేనప్పుడు శాలిహుండం, ఒళ్లు అలిసి నిద్ర కావాలంటే కళింగపట్నం. ఒకే దారి కదా అని రెండూ పెట్టుకున్నా పర్లేదు కానీ శాలిహుండం ముందు, ఎండెక్కేలోపు.

తేలినీలాపురం గురించి కాస్త ఎక్కువే చెప్తాను, ఎందుకంటే మన జిల్లాలో ఇంత దగ్గర్నుంచి పక్షుల్ని చూసే చోటు ఉందని మనవాళ్లలోనే చాలామందికి తెలీదు. టెక్కలి దగ్గర, నౌపడా స్టేషన్ దిగితే దగ్గర. సెప్టెంబరు నుంచి మార్చి వరకు గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు వచ్చి ఊళ్లో చెట్ల మీదే గూళ్లు కట్టి పిల్లల్ని పెంచుతాయి. ఊరికి అవి వస్తేనే మంచి జరుగుతుందని అక్కడివాళ్ల నమ్మకం, ఆడపిల్లలు పురిటికి పుట్టింటికొచ్చినట్టు చూసుకుంటారు, ఎవరూ రాయి కూడా విసరరు. ఇళ్ల మధ్య నిలబడి తలెత్తితే కొమ్మకి నాలుగైదు గూళ్లు, తల్లి పక్షి గొంతు సంచిలో తల దూర్చి చేప లాక్కుంటున్న పిల్ల కనిపిస్తుంది. పెద్ద కొంగలకి గొంతు పెద్దగా పలకదు, అవి ముక్కు రెండు దవడలూ టకటకటక కొట్టుకుంటాయి, మొదటిసారి వింటే ఎవరో చెక్క కొడుతున్నారనుకుంటారు. ఫారెస్టు వాళ్ల వాచ్ టవర్, చిన్న సెంటర్ ఉన్నాయి.

అయితే ఇది అందరికీ రిలాక్సింగ్‌గా ఉంటుందని చెప్పలేను. వాసన ఉంటుంది, చేపల వాసన, రెట్టల వాసన, వికారం వచ్చేవాళ్లకి కష్టం. చెట్టు కింద నిలబడితే మీద పడుతుంది కాబట్టి టోపీయో గొడుగో తప్పదు. మెత్తటి లాన్, బెంచీ ఆశించి వెళ్లకండి. కానీ ఆలోచనలు ఆగక నిద్ర పట్టని వాళ్లు, ఆఫీసు గొడవలు బుర్రలో తిరుగుతూనే ఉన్నవాళ్లు ఇక్కడికి రావాలి, ఒక గూడు ఎంచుకుని అరగంట చూడండి, ఇంకే ఆలోచనా రాదు. పొద్దున ఆరున్నర నుంచి తొమ్మిది మధ్య మంచి టైం. మార్చి దాటాక అంత దూరం వెళ్లొద్దు, గూళ్లు ఖాళీగా ఉంటాయి. పటాకులు, హారన్లు, డ్రోన్లు, బ్లూటూత్ స్పీకర్లు అస్సలు వద్దు, బెదిరితే తల్లి పక్షి ఒక్కసారిగా లేస్తుంది, ఆ తొక్కిడిలో పిల్లలు కింద పడిపోతాయి. ఊళ్లో అమ్మలెవరైనా "ఏటి బాబూ, ఎక్కడ్నించొచ్చినారు" అని పలకరిస్తే నిలబడి రెండు మాటలు మాట్లాడండి, ఏ చెట్టు మీద పిల్లలు పెద్దవయ్యాయో వాళ్లకే బాగా తెలుసు.

విజయనగరం వైపు సగం రోజుకి తాటిపూడి. గోస్తనీ నది మీద 1960ల్లో కట్టిన రిజర్వాయర్, చుట్టూ తూర్పు కనుమల కొండలు, వైజాగ్‌కి తాగునీళ్లు కూడా ఇక్కడ్నించి వెళ్తాయి. గంట్యాడ, ఎస్.కోట వైపు వెళ్లే దారిలో. వానాకాలం చివర్లో, అంటే సెప్టెంబరు అక్టోబరుల్లో కొండలు పచ్చగా, నీళ్లు నిండుగా ఉన్నప్పుడు వెళ్లాలి. బోటు ఎక్కితే లైఫ్ జాకెట్ ఇవ్వకపోతే దిగిపోండి, మొహమాటపడొద్దు. ఏప్రిల్ మేలో నీళ్లు వెనక్కి పోయి ఎర్రమట్టి కనిపిస్తుంది, అప్పుడు అంత దూరం వెళ్లక్కర్లేదు. కారున్నవాళ్లకీ, ఇంట్లోంచి పులిహోర కట్టుకుని వెళ్లేవాళ్లకీ తాటిపూడి సరిపోతుంది, బస్సు మీద ఆధారపడేవాళ్లకి తిరుగు టైము టెన్షన్.

రోజంతా ఉంటే అసలు పోటీ అరకు పద్మాపురం గార్డెన్స్‌కీ వైజాగ్ బయోడైవర్సిటీ పార్కుకీ.

అరకు వెళ్లాలంటే కిరండూల్ పాసింజర్ ఎక్కడం నా దృష్టిలో సగం గార్డెన్ చూసినట్టే. విజయనగరం నుంచి వెళ్లేవాళ్లు వైజాగ్ దాకా పోనక్కర్లేదు, రోడ్డు మీద ఎస్.కోట చేరుకుని అక్కడ ఎక్కొచ్చు, అక్కడ్నించే ఘాట్ మొదలవుతుంది, సొరంగాలు, త్యాడ, చిమిడిపల్లి, బొర్రా, శిమిలిగుడ, అలా. శిమిలిగుడ స్టేషన్ 996 మీటర్ల ఎత్తులో ఉంది, ఎండాకాలంలో కూడా అక్కడికొచ్చేసరికి కిటికీలోంచి వచ్చే గాలి మారిపోతుంది. సీటు దొరక్కపోతే మాత్రం ఇది రిలాక్స్ అవ్వడం కాదు, డిసెంబరు జనవరిల్లో నిలబడడానికి కూడా చోటుండదు. పద్మాపురం తోట రెండో ప్రపంచ యుద్ధం టైంలో సైనికులకి కూరగాయలు పండించడానికి మొదలుపెట్టారు, తర్వాత గార్డెన్ అయింది, ఇప్పుడు గులాబీలు, పెద్ద చెట్లు, చెట్ల మీద కట్టిన గుడిసెలు, చుట్టూ తిరిగే బుల్లి ట్రైన్, పిల్లలకి పండగ. నడక చదునుగానే ఉంటుంది.

కానీ అరకులో మొక్కల గురించి ఆసక్తి ఉన్నవాళ్లు పద్మాపురం దగ్గర ఆగిపోవద్దు. అనంతగిరి వైపు కాఫీ తోటలు చూడండి. పైన సిల్వర్ ఓక్ చెట్లు నిటారుగా, వాటికి అల్లుకుని మిరియాల తీగలు, ఆ నీడలో కాఫీ మొక్కలు, మూడంతస్తుల తోట అది. మార్చి ఏప్రిల్లో ఒక వాన పడితే కొన్ని రోజుల్లో కాఫీ కొమ్మల నిండా తెల్ల పూలు, మల్లెపూల లాంటి వాసన, నాలుగైదు రోజుల్లో అయిపోతుంది, ఆ రోజులకి కరెక్ట్‌గా వెళ్లడం అదృష్టం. నవంబరు డిసెంబరుల్లో అయితే కాఫీ పళ్లు ఎర్రగా, లోయలో వలిసె పూలు పసుప్పచ్చగా. వలిసె చేను గిరిజన రైతుల పంట అండి, నూనె గింజలవి, ఫొటో కోసం మధ్యలోకి తొక్కుకుంటూ వెళ్లొద్దు, గట్టు మీద నిలబడి తీసుకోండి, లోపలికి వెళ్లాలనుకుంటే అడిగి, వాళ్లడిగినంత ఇచ్చి వెళ్లండి.

వైజాగ్ బయోడైవర్సిటీ పార్కు దీనికి పూర్తి రివర్స్. పెదవాల్తేరులో రాణి చంద్రమణిదేవి ఆసుపత్రి ఆవరణలో ఉంటుంది, మూడెకరాల పైచిలుకు అంతే, అందులోనే రెండు వేల రకాల దాకా మొక్కలు. ఎడారి మొక్కలు, నీటి మొక్కలు, మందు మొక్కలు, సీతాకోకచిలుకలు వచ్చే పూలు. డాల్ఫిన్ నేచర్ కన్జర్వేషన్ సొసైటీ వాళ్లు ఎన్నో ఏళ్లుగా ప్రేమగా చూసుకుంటున్నారు. మన వైపు బొటానికల్ గార్డెన్ అనదగ్గది చూడాలంటే ఇదే చూడాలి. ఇక్కడ పరుగెత్తే పిల్లలకంటే ప్రశ్నలడిగే పిల్లలకి బావుంటుంది, టీచర్లకి, నాటు వైద్యం తెలిసిన పెద్దవాళ్లకి ఇంకా బావుంటుంది, "ఇదిగో నల్లేరు, ఇదిగో అడ్డసరం" అని వాళ్లు మొక్క మొక్క దగ్గరా ఆగిపోతారు. ఒక గంటన్నర సరిపోతుంది, ఊరి మధ్యలో కాబట్టి వైజాగ్‌లో వేరే పని మీద వచ్చినవాళ్లు కూడా కలిపేసుకోవచ్చు.

అదే వైజాగ్‌లో అడవి నడక కావాలంటే కంబాలకొండ, హైవేకి ఆనుకునే ఉంది, లోపలికి వెళ్తే రోడ్డు చప్పుడు తగ్గిపోతుంది, చిరుతలున్న అడవి కాబట్టి వేసిన దారి దాటొద్దు. జూ కూడా ఆ పక్కనే, 1977లో తెరిచారు, చాలా పెద్దది, మంచి నడక పడుతుంది, సోమవారం సెలవు. ఈ చుట్టుపక్కల చెట్లు కొన్ని ఇంకా కుర్రగా కనిపిస్తే కారణం 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తుపాను, ఆ ఒక్కరోజులో వైజాగ్ పచ్చదనం ఎంత పోయిందో చూసినవాళ్లకి తెలుసు, చాలా పార్కులు మళ్లీ నాటుకుంటూ వచ్చినవే. సిటీలోనే కూర్చోవాలంటే పాత సెంట్రల్ జైలు స్థలంలో చేసిన సెంట్రల్ పార్క్ ఆర్టీసీ కాంప్లెక్స్‌కి దగ్గర, బస్సుకి టైం ఉన్నవాళ్లకి పర్లేదు, పాత చెట్ల నీడ కోసమైతే శివాజీ పార్కు.

మరి అరకా వైజాగా అంటే, ఒక రాత్రి ఉండగలిగితే అరకు, పొద్దున వెళ్లి రాత్రికి తిరిగి రావాలంటే వైజాగ్. అరకు ఒక్కరోజులో వెళ్లొచ్చే దూరమే గానీ అలా వెళ్లొస్తే మర్నాడు రెస్టు తీసుకోవాల్సి వస్తుంది. ఘాట్ రోడ్డులో వాంతులయ్యే వాళ్లుంటే ట్రైనే, కారు వద్దు.

మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని ఎక్కడికీ తీసుకెళ్లలేమని చాలా ఇళ్లలో రూములోనే కూర్చోబెట్టేస్తారు, అది నాకు చాలా బాధగా ఉంటుంది. అమెరికాలో ఒక ఆసుపత్రిలో ఆపరేషన్ చేయించుకున్న పేషెంట్లని పోల్చి చూస్తే కిటికీలోంచి చెట్లు కనిపించిన వాళ్లు ఇటుక గోడ కనిపించిన వాళ్లకంటే త్వరగా కోలుకుని ఇంటికెళ్లారని 1984లో ఒక పరిశోధన వచ్చింది. అంటే నడవక్కర్లేదు, కనిపిస్తే చాలు. లాడ్జి తీసుకునేటప్పుడే రోడ్డు వైపు కాకుండా చెట్టు కనిపించే రూము అడగండి, మహా అయితే "లేదండి" అంటారు. మా పెద్దప్ప నడవలేదు, ఆవిడ్ని ఎక్కడికి తీసుకెళ్లినా కుర్చీ వేసి నిద్రగన్నేరు చెట్టు కింద కూర్చోబెడతాం, సాయంత్రం అయ్యేసరికి దాని ఆకులు జంట జంటగా ముడుచుకోవడం, వాన వచ్చేముందు కూడా అలాగే ముడుచుకోవడం చూస్తూ "వాన్నొచ్చేస్తాది, లెగండి లెగండి" అని మా అందరికంటే ముందు ఆవిడే చెప్తుంది.

ఉద్దానం తోటల గురించి అడిగేవాళ్లుంటారు. పలాస, సోంపేట, కవిటి వైపు కొబ్బరి, జీడి, పనస కలిసి పెరిగే ఆ పచ్చదనం ఏ పార్కుకీ రాదు, 2018 అక్టోబరులో తిత్లీ తుపాను లక్షల కొబ్బరి చెట్లని కూల్చేసినా మళ్లీ లేస్తోంది. జనవరి ఫిబ్రవరిల్లో జీడి పూత వాసన, ఏప్రిల్లో జీడిమామిడి పళ్లు. కానీ ఇవి రైతుల సొంత తోటలు, తెలిసినవాళ్లు ఉంటేనే వెళ్లాలి, పైగా జీడితోటల్లో ఎలుగుబంట్లు తిరుగుతాయి, మనుషుల మీద పడిన సంఘటనలు ఉన్నాయి, తెల్లవారుజామున, చీకటి పడ్డాక అస్సలు వెళ్లొద్దు. అలాగే సీతంపేట, తోటపల్లి వైపు వెళ్తే ఏనుగులు ఎక్కడున్నాయో ముందు ఊళ్లో అడగండి, ఒడిశా నుంచి వచ్చిన గుంపు ఏళ్ల తరబడి ఆ వైపే తిరుగుతోంది. బీచ్ వైపు బారువ మాత్రం ఎవరైనా వెళ్లొచ్చు.

ఇక డేట్లు. రథసప్తమికి, మార్చి అక్టోబరుల్లో సూర్యకిరణాలు స్వామి పాదాల మీద పడే రోజుల్లో అరసవల్లి, శ్రీకాకుళం టౌన్ కిటకిటలాడతాయి, దసరా వెళ్లాక వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను పండగకి విజయనగరంలో కాలు పెట్టే చోటుండదు. ఆ రోజుల్లో పండగ కోసం రండి, ప్రశాంతత కోసం వేరే రోజు పెట్టుకోండి. అక్టోబరు నవంబరుల్లో తుపాను హెచ్చరిక ఉంటే పెద్ద చెట్ల కింద కూర్చోవద్దు, తుపాను వెళ్లిన రెండు మూడు రోజుల దాకా కూడా విరిగిన కొమ్మలు పైనే వేలాడుతుంటాయి.

కార్తీకమాసం ఆదివారాలు మాత్రం ప్రత్యేకం. తాటిపూడి నుంచి కళింగపట్నం దాకా ఎక్కడ నాలుగు చెట్లుంటే అక్కడ వనభోజనాలే, ఉసిరిచెట్టు కింద దీపాలు, పెద్ద పెద్ద గిన్నెలు, అంత్యాక్షరి, తంబోలా, స్పీకర్లు. జనంతో కలిసి నవ్వుకోవాలనిపించేవాళ్లకి ఏడాదిలో ఇంతకంటే మంచి రోజులు లేవు, బృందంతోనే వెళ్లండి. నిశ్శబ్దం కావలసినవాళ్లు ఆ నెలలో సోమవారం కూడా వదిలేసి మంగళ, బుధ, గురువారాలు చూసుకోండి. ఆదివారం తప్ప వేరే రోజు కుదరకపోతే పొద్దున ఆరున్నరకల్లా వెళ్లి కూర్చుని తొమ్మిదిన్నరకి లేచేయండి, పదింటికి బస్సులు దిగేవాళ్లకి మీరు లేచిన చెట్టు నీడ పనికొస్తుంది.